గత్తాస్ కొన్న షితీ టైర్లు

తలుపుకి ఏ కలప వాడాలో అడిగితే గత్తాస్ తడుముకోకుండా చెప్పేస్తాడు. ఐన్ జోజ్ ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులూ కిటికీలూ అతని చేత్తో చేసినవే. అలాంటి మనిషిని ఆ ఏడు, చలి ఇంకా మొదలవకముందే, జీపుకి ఏ టైర్లు వేయించాలన్న ప్రశ్న పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. ఉలి చేతిలో పెట్టుకుని ఆలోచించేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించేవాడు.

చిక్కంతా దారిలో ఉంది. ఇల్లేమో కొండమీద, మంచు పడే చోట. ఆసుపత్రేమో కింద, సముద్రం ఒడ్డున. గంట ప్రయాణం. పైన పార పట్టుకుని గుమ్మం ముందు మంచు తోసిన మనిషే కిందికి దిగేసరికి కోటు విప్పి భుజాన వేసుకోవాలి. మంచు టైర్లు వేస్తే కింద ఎండకి మెత్తబడి ఇట్టే అరిగిపోతాయంటారు. నాలుగు కాలాలకీ పనికొచ్చే టైర్లు వేస్తే కింద హాయిగా నడుస్తాయి గానీ పైన గట్టి మంచుమీద నమ్మలేమంటారు. జీపు నాలుగు చక్రాలూ లాగేదే కదా, ఏ టైరైతేనేం అనేవాళ్ళు ఇంకొందరు. ఎవరి మాట విన్నా అదే నిజమనిపించేది, మరొకరు నోరు విప్పేదాకా.

రోజు విడిచి రోజు కిందికి దిగక తప్పని మనిషి ఆ ఇంట్లో ఒకావిడ ఉంది. గత్తాస్ అత్తగారు, ఉమ్ నసీబ్. అంటే నసీబ్ తల్లి అని. అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో. మూత్రపిండాలు పాడై రెండేళ్ళయింది, డయాలసిస్ చేయించుకోకపోతే లాభం లేదు. కిందటి చలికాలం ఒకరోజు చర్చి కింది మలుపులో జీపు జారి గోడకి ఆనుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ఆ రోజుకి ఆసుపత్రి తప్పిపోయింది. మర్నాటికి ఆవిడ కాళ్ళు పొంగి, ఊపిరి అందక, ఇంటిల్లిపాదినీ హడలెత్తించింది.

ఆ సంగతి తెలిసి కొడుకు నసీబ్ కింద బేరూత్ నుంచి పరిగెత్తుకొచ్చాడు. తేల్చి చెప్పేశాడు కూడా.

"చూడు బావా, నీ జీపు ఎక్కుతుంది, నేను కాదనను. నాలుగు చక్రాలూ లాగితే ఎక్కుతుంది. దిగేటప్పుడు ఆపేది మాత్రం టైరే. వచ్చే ఏడు చలి మొదట్లో, బర్బారా పండక్కి వస్తాను, టైర్లు చూస్తాను. మంచుకి తగినవైతే అమ్మ మీ దగ్గరే ఉంటుంది. కాకపోతే చలి పోయేదాకా మా ఇంట్లో."

ఇదీ పందెం. అత్తగారు ఉండడమా, పోవడమా.

ఊళ్ళో మగవాళ్ళు ఇదేదో అల్లుడికి తగిలిన లాటరీ అనుకున్నారు. పక్కింటి తౌఫీక్ అయితే వసారాలోంచి వంగి మరీ సలహా ఇచ్చాడు. "ఒరేయ్ గత్తాస్, పాత టైర్లే ఉంచెయ్. చలికాలమంతా కాఫీ ప్రశాంతంగా తాగొచ్చు." గత్తాస్ కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వాడు. నిజానికి ఆవిడంటే అతనికి ప్రాణం. ఊహ తెలిసేసరికే తల్లి లేదు, పెదనాన్నగారింట్లో పెరిగాడు, తిన్నావా లేదా అని అడిగిన దిక్కులేదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక తిట్టి తినిపించిన మొదటి మనిషి ఉమ్ నసీబ్. ఆ ముక్క ఆవిడతో ఎప్పుడూ అనలేదు. అల్లుళ్ళు అత్తగార్లతో అనే మాటా అది?

ఆవిడని అడిగినా ఫలితం లేకపోయింది.

"అత్తమ్మా, నాలుగు కాలాల టైర్లని ఉంటాయట. ఏడాదంతా అవే. విప్పడం, మార్చడం ఉండదు."

"మా ఆయనకి నాలుగు కాలాలకీ ఒకటే కోటు ఉండేది," అంది ఆవిడ, చిక్కుడుకాయలు తుంచుతూ. "వేసవిలో చెమట, చలికాలం దగ్గు. పోయేదాకా విప్పలేదు, మార్చలేదు."

"అయితే మంచువే వేయించనా?"

"నన్నడుగుతావేం? నేను ఎక్కి కూర్చునేదాన్ని, తోలేదాన్నా? వేయిస్తే వేయించు, లేకపోతే మానెయ్. ఆ చిక్కుళ్ళు ఇటు జరుపు."

ఈ జవాబుకి ఏ అర్థం తీసుకోవాలో గత్తాస్‌కి తెలియలేదు. భార్య వదీఆని అడిగితే, "నీకేది మంచిదనిపిస్తే అది," అంది. అంటే ఏది తెచ్చినా రేపు తిట్టడానికి సిద్ధంగా ఉందని అర్థం.

చివరికి బుర్ర వేడెక్కి, బేరూత్ పక్కనున్న బుర్జ్ హమ్మూద్‌లో తనకి తెలిసిన టైర్ల హాగోప్‌కి ఫోన్ చేశాడు. ఇక్కడ ఒక ముక్క చెప్పుకోవాలి. వాళ్ళ మాటలో చలికాలాన్ని షితీ అంటారు. వాననీ షితీ అనే అంటారు. సముద్రం ఒడ్డున చలికాలమంటే వానే కాబట్టి ఒక్క మాట రెండిటికీ సరిపోయింది. కొండమీదికొచ్చేసరికి ఆ షితీ తెల్లబడి, పేరుకుపోయి, పార అడుగుతుంది. పుట్టినప్పటినుంచీ ఆ మాట నోట్లో నానుతున్నవాళ్ళకి అందులో ఇంత తిరకాసు ఉందన్న సంగతే తట్టదు. పైగా హాగోప్ ఆర్మీనియా వాడు. ఆ తరం ఆర్మీనియా వాళ్ళందరిలాగే ఆడవాళ్ళనీ వస్తువుల్నీ కూడా మగవాళ్ళలా ‘ఉన్నాడు’ అనే మాట్లాడతాడు, ఎవరు నవ్వినా తానూ కలిసి నవ్వుతాడు.

"హాగోప్ మేస్త్రీ, నేను, పైనుంచి గత్తాస్‌ని."

"గత్తాస్! ఏమైపోయావయ్యా! మీ అత్తగారు ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నారు. జీపుకి టైర్లు కావాలి, షితీకి."

"షితీకా! ఆ మాట ముందు చెప్పొద్దూ! షితీకి నా దగ్గర బంగారం లాంటి టైరు ఉన్నాడు. మీ వైపు షితీ గట్టిగానే ఉంటుందా?"

"గట్టిగానా? కిందటేడు మోకాళ్ళదాకా వచ్చింది."

"మోకాళ్ళదాకా! కొండమీదా! కిందికి పోదూ?"

"ఎండొస్తేగాని పోదు."

"ఇక్కడా అంతే. ఎండొస్తేగాని మా వీధి ఆరదు. దేశమంతా ఒకటే ఖర్మ."

"కొందరు నాలుగు కాలాలవి వేసుకోమంటున్నారు, మేస్త్రీ."

"ఎందుకయ్యా? నీ బాధ షితీ. షితీదే వేసుకో. జారితే నా మీసం తీయించు."

నెలరోజుల తర్వాత గత్తాస్‌కి మొదటిసారి ఒక మనిషి సూటిగా జవాబు చెప్పాడు. మర్నాడే కిందికి దిగాడు. టైర్లు చూస్తే ముచ్చటేసింది. లోతైన గాడులు, ఉలితో తీసినట్టు నున్నగా ఉన్నాయి. హాగోప్ అతని వేలు పట్టుకుని గాడిలో పెట్టి మరీ చూపించాడు.

"చూశావా? నీళ్ళు ఇందులో పడి అటు పారిపోతాయి. చక్రం నేలని వదలడు."

నీళ్ళేమిటి అని ఒక్క క్షణం అనుకున్నాడు గత్తాస్. మంచు నలిగితే నీళ్ళేగా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. సూటిగా దొరికిన జవాబుని మళ్ళీ కెలకడం అతనికి ఇష్టం లేకపోయింది.

జీపు ఇంటికొచ్చాక ఉమ్ నసీబ్ చేతికర్రతో ఒక టైరుని తట్టి చూసింది. "ఇవేనా? ఇన్నాళ్ళు ఆలోచించావు కదా, ఏ వెండి టైర్లో తెస్తావనుకున్నాను. నల్లగానే ఉన్నాయే."

"షితీ టైర్లు అత్తమ్మా. ఇక మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు."

ఆవిడ కర్ర టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. మెచ్చుకోలు కూడా తిట్టినట్టే చేసే మనిషి ఊరికే వెళ్ళిపోయిందేమిటా అని అతను అనుకోలేదు. సంతోషంలో ఉన్నాడు పాపం.

బర్బారా పండగనాడు పొద్దున్న కొద్దిగా మంచు పడింది, నేలమీద పిండి జల్లినట్టు. ఇంట్లో పండగ వంటకానికి గోధుమలు ఉడుకుతున్నాయి, సోంపు వాసన వీధిదాకా వస్తోంది. నసీబ్ వచ్చాడు. కాఫీ అయినా తాగకుండా కోటు ఎత్తిపట్టుకుని జీపు పక్కన గొంతుక్కూర్చున్నాడు. టైరుకి అంటిన బురద వేలితో తుడిచాడు. ఇంకో టైరు దగ్గరికి వెళ్ళి అదీ తుడిచాడు. మూడోదీ, నాలుగోదీ చూశాడు.

"బావా, ఇలా రా. ఇదేంటి?"

"ఏది?"

"ఈ బొమ్మ."

గత్తాస్ వంగి చూశాడు. రబ్బరు మీద చిన్న గొడుగు బొమ్మ ఉంది.

"గొడుగు," అన్నాడు.

"మంచు టైరైతే కొండ బొమ్మ ఉంటుంది, లోపల మంచుపువ్వు ఉంటుంది. ఇది గొడుగు! ఇవి వాన టైర్లు బావా! చలి ముదిరితే ఈ రబ్బరు చెక్కలా బిగుసుకుపోతుంది. వీటిమీద అమ్మని కిందికి దింపుదామనుకున్నావా నువ్వు?"

"షితీవే అడిగాను నేను."

"షితీవే ఇచ్చాడు మరి!"

అప్పుడు వెలిగింది గత్తాస్‌కి. మోకాళ్ళదాకా అంటే హాగోప్ ఎందుకు అంత ఆశ్చర్యపోయాడో, వీధి ఆరడమేమిటో, నీళ్ళు పారిపోవడమేమిటో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. చెబుదామని నోరు తెరిచేలోపు పక్క వసారాలోంచి తౌఫీక్ పగలబడి నవ్వాడు.

"భేష్‌రా గత్తాస్! నేను పాతవి ఉంచమన్నాను, నువ్వు కొత్తవే కొని పని కానిచ్చావు!"

గుమ్మంలో నిలబడ్డ ఉమ్ నసీబ్ ఆ మాట వింది. గొడుగు బొమ్మ వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది.

"చెబితే పోయేదానినిగా, అల్లుడూ," అంది మెల్లగా. "దీనికి ఇంత నాటకం ఎందుకు?"

హాగోప్ సంగతి చెప్పాలా, షితీ సంగతి చెప్పాలా, తౌఫీక్‌ని తిట్టాలా, మీరు పోవద్దని అనాలా? అన్నీ ఒకేసారి గత్తాస్ నోటిదాకా వచ్చి, ఒకదానికొకటి అడ్డంపడ్డాయి. ఈలోగా ఆవిడ లోపలికి వెళ్ళి మందుల సంచీ, రెండు జతల బట్టలు, రేడియో సర్దేసుకుంది. పండగ గోధుమలు గిన్నెలోనే చల్లారిపోయాయి. నసీబ్ కారు మలుపు తిరిగేదాకా గత్తాస్ వీధిలోనే నిలబడ్డాడు, ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

"నిజం చెప్పు," అంది వదీఆ. "కావాలని చెయ్యలేదుగా?"

"నీక్కూడా అదే అనుమానమా?"

"నాకు కాదు. అమ్మకి ఏమని చెప్పాలో తెలియక అడుగుతున్నాను."

కావాలని చెయ్యలేదు. అది అతనికి తెలుసు. తెలుసునని ఎంత గట్టిగా అనుకుంటే అంత అనుమానం వచ్చేది. నీళ్ళేమిటి అని ఆ రోజు హాగోప్ కొట్లో అనిపించింది కదా, అడగలేదేం? అడక్కుండా ఆపినది ఏమిటి? ఆవిడ పొద్దున్నే కర్రతో తలుపు బాదినప్పుడు, కాఫీలో లోపాలు ఎంచినప్పుడు, ఒక్కరోజు ఈ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే బాగుండునని తను అనుకోలేదా? అనుకున్నాడు, ఎన్నోసార్లు అనుకున్నాడు. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది. చేస్తున్న కిటికీ చట్రం రెండుసార్లు తప్పు కోసి పొయ్యిలో పడేశాడు.

మూడోది కూడా పాడుచేశాక రంపం అవతల పెట్టి జీపు తీశాడు. దారిపొడుగునా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, గొడుగు టైర్లమీద మెల్లగా హాగోప్ కొట్టుకి దిగాడు.

"షితీ అన్నావు కదయ్యా!" అన్నాడు హాగోప్.

"షితీయే. అంటే మంచు."

"మంచుని మంచు అంటారు! షితీ అంటే," అని పైన ఆకాశంకేసి చెయ్యి చూపించాడు. సన్నగా జల్లు పడుతోంది. "ఇదిగో, ఇది."

"మా ఊళ్ళో అది కాదు."

"ఏ ఊళ్ళోనైనా అదే!"

ఇద్దరూ కాసేపు అరుచుకున్నారు. హాగోప్ అరుస్తూనే మనుషుల్ని పిలిచి జీపుని పైకి ఎత్తించాడు, అరుస్తూనే చక్రాలు విప్పించాడు. తప్పు తనదేనని ఒప్పుకోలేదు గానీ, వాన టైర్లు వెనక్కి తీసుకోనని కూడా అనలేదు.

"సరే, ఇప్పుడేం వెయ్యమంటావు? అత్తగారు కిందికి వచ్చేశాడంటున్నావు. మరి నీకు మంచువి దేనికి? నువ్వేమో పైన, ఆయనేమో ఇక్కడ. నాలుగు కాలాలవి వేసుకో, హాయిగా ఉంటాయి."

ఆ మాటలో తప్పేమీ లేదు. నెలరోజులుగా విన్న సలహాలన్నిటిలోకీ తిన్ననిది అదే. ఆవిడే ఇంట్లో లేనప్పుడు మంచులో దిగాల్సిన పనేముంది?

"మంచువే వెయ్యి," అన్నాడు గత్తాస్.

"ఎందుకు?"

"ఏమో. మంచువే వెయ్యి. బొమ్మ నేను చూస్తాను."

నాలుగు టైర్లకీ నాలుగు కొండలు, నాలుగు మంచుపువ్వులు ఉన్నాయో లేదో వేలు పెట్టి తడిమి చూసుకున్నాడు. అక్కడినుంచి తిన్నగా నసీబ్ ఇంటికి వెళ్ళాడు.

తలుపు ఉమ్ నసీబే తీసింది. కొడుకూ కోడలూ పనికి పోయారు. వెనక రేడియో మోగుతోంది. అల్లుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది గానీ లోపలికి రమ్మనలేదు. గత్తాస్ గుమ్మంలోనే అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"మార్పించాను అత్తమ్మా. కొండ బొమ్మ ఉంది, కావాలంటే కిందికొచ్చి చూడండి. నేను కావాలని చెయ్యలేదు. ఆ హాగోప్ షితీ అంటే వాన అనుకున్నాడు. నేను మిమ్మల్ని పంపించేద్దామని... ఒట్టు, అలాంటిదేం లేదు. మీరు లేకపోతే నాకు ఇంట్లో బాగాలేదు. పని చెయ్యబుద్ధి కావడం లేదు. ఇంటికి రండి."

ఇన్ని మాటలు ఆవిడతో అతను ఎప్పుడూ ఒక్కసారి మాట్లాడలేదు. చెవులు ఎర్రబడ్డాయి. నేల చూపులు చూశాడు.

"నాకు తెలుసు," అంది ఆవిడ.

"ఏం తెలుసు?"

"నువ్వు కావాలని చెయ్యలేదని. అంత ఎత్తు వెయ్యడానికి నీకు బుర్రెక్కడిది?"

గత్తాస్ తలెత్తాడు. "మరి ఆ రోజు అలా అన్నారేంటి?"

ఆవిడ కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"భయం, నాన్నా," అంది.

"నేనంటేనా?"

"నువ్వంటే భయమేంటిరా, పిచ్చివాడా! ఆ మలుపంటే. కిందటేడు గోడకి ఆనుకున్నామే, అప్పుడు నా ప్రాణం పోయి తిరిగొచ్చింది. అప్పటినుంచి అక్కడికి రాగానే కళ్ళు మూసేసుకుంటాను. ఎండ కాస్తున్నా అంతే. ఆసుపత్రికెళ్ళి ఆ యంత్రానికి కట్టేయించుకోవడం నాకు లెక్కలేదు, ఆ మలుపు తిరగడమే నా వల్ల కావడం లేదు."

"చెప్పొచ్చుగా అత్తమ్మా!"

"ఎలా చెప్పను? నువ్వు నా కోసం తిండీ నిద్రా మానేసి టైర్లు వెతుకుతుంటేనూ. నువ్వు బంగారం టైర్లు తెచ్చినా నేను ఎక్కలేనురా అని ఎలా చెప్పను? అక్కడ గొడుగు బొమ్మ కనబడింది. బతికిపోయాననుకున్నాను. నేరం నీ మీదికి తోసేసి బయటపడ్డాను." గొంతు తగ్గింది. "తప్పే. ఊరందరి ముందూ అన్నాను. ఇక్కడికొచ్చినప్పటినుంచీ అదే పీకుతోంది."

గత్తాస్‌కి ముందు కోపం వచ్చింది. తనమీద తనకే అనుమానం వచ్చేలా చేసింది కదా అని. ఆ కోపం నిలబెడదామంటే నిలవలేదు, ఎదుట నిలబడ్డ మనిషి మరీ చిన్నదిగా కనిపించింది.

"అయితే రారన్నమాట."

"మంచు కరిగాక వస్తాను. నీ జీపులోనే వస్తాను. ఇప్పుడు మాత్రం బలవంతం పెట్టకు."

అతను గోడకి ఆనుకున్నాడు. అంటే టైర్లు ఏవైనా ఒకటే అయ్యేది. ఆలోచించినదంతా, అడిగినదంతా, అరిచినదంతా ఎందుకూ కొరగాలేదు. ఏం చెయ్యాలో తెలియక, తోచిన ప్రశ్న అడిగాడు.

"రేపు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు?"

"కోడలు. మంచి పిల్లే. దారంతా ఒక్క మాట మాట్లాడదు. నన్ను బతికుండగానే సాగనంపుతున్నట్టుంటుంది."

"నేనొస్తాను."

"ఎక్కడినుంచి? పైనుంచా?"

"పైనుంచే. రేపే కాదు, ప్రతిసారీ నేనే వస్తాను. మీకు మలుపు అక్కర్లేదు, ఇక్కడినుంచి ఆసుపత్రి, ఆసుపత్రినుంచి ఇక్కడికి. మలుపు నేను తిరుగుతాను."

"మంచు పడితేనో?"

"అందుకేగా ఈ టైర్లు."

"అవి ఈ రోడ్లమీద తిప్పితే అరిగిపోతాయన్నావు. నెలరోజులు అదే పాట పాడావు, చెవులు చిల్లులు పడ్డాయి నాకు."

"అరిగితే అరగనీయండి, అత్తమ్మా."

ఉమ్ నసీబ్ తలుపు పూర్తిగా తెరిచింది.

"లోపలికి తగలడు. పొద్దున్నుంచి ఏం తినుండవు."